సైనిక్ స్కూల్లో చదివితే సైన్యంలో అధికారి ఉద్యోగం ఖాయమా?

ఖాయం కాదు, విజయనగరానికి చేరువలోని కోరుకొండలో 1962 నుంచి నడుస్తున్న సైనిక్ స్కూలైనా విద్యార్థిని, త్రివిధ దళాల భావి అధికారులకు శిక్షణనిచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పోటీకి సన్నద్ధం చేస్తుందే గానీ, అందులో సీటు ఇవ్వదు. ఎంపికకు ఆధారం యూపీఎస్సీ నిర్వహించే 900 మార్కుల రాతపరీక్ష, మరో 900 మార్కుల ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ, ఆపై వైద్యపరీక్ష. తెల్లవారుజామున మైదానంలో పరుగు, హాస్టల్లో తనపని తానే చేసుకునే అలవాటు ఇంటర్వ్యూలో నిజంగా అక్కరకొస్తాయి. కానీ రాతపరీక్షలో మాత్రం గాజువాకలో ఇంటర్ చదివే అమ్మాయి, కోరుకొండ క్యాడెట్ రాసేది ఒకే ప్రశ్నపత్రం.

సైనిక్ స్కూల్లో చేరకపోతే దారి మూసుకుపోయిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నిజానికి దారి ఇరుకయ్యేది ఇంటర్ గ్రూపు ఎంపికలోనే: నౌకాదళం, వైమానికదళం కోరేవారికి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు తప్పనిసరి కనుక, బైపీసీ విద్యార్థికి ఈ పరీక్షలో ఆర్మీ విభాగమొక్కటే మిగులుతుంది.