అంబాసిడర్ వైరింగ్ విప్పే ముందు

అల్లుడికి ఆశీస్సులు.

బండి పెయింటు షెడ్డు నుంచి ఇంటికొచ్చిందని, వైరింగ్ పని నువ్వే పెట్టుకుంటానని రాశావు. పెట్టుకో. పాత అంబాసిడర్‌లో కంప్యూటర్లూ సెన్సార్లూ లేవు. మొత్తం వైరింగ్‌ని ఒక చార్టు కాగితం మీద గీసెయ్యొచ్చు. కానీ "పాత వైర్లన్నీ పీకి అవతల పారేసి కొత్తవి లాగేస్తా" అన్నావు చూడు, అది మాత్రం చెయ్యకు. ఆ పాత హార్నెస్సే, అంటే వైర్లన్నీ కలిపి చుట్టిన ఆ కట్టే, నీకు నమూనా. ఏ వైరు ఎక్కడ చీలాలి, ఎంత పొడవుండాలి, ఏ రంధ్రంలోంచి దూరాలి అన్నీ దానిలోనే ఉన్నాయి.

ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టు. తరవాత ప్రతి కనెక్షన్నీ ఫోటో తియ్యి, దగ్గర నుంచి ఒకటి, కాస్త దూరం నుంచి ఒకటి. డాష్‌బోర్డు వెనకైతే నాలుగు తీసినా తప్పులేదు. విప్పే ప్రతి కొనకీ ఒక నంబరు కట్టు, అదే నంబరు నోటుబుక్కులో రాసి ఎక్కడ నుంచి ఎక్కడికో ఎదురుగా రాయి. ఒట్టి మాస్కింగ్ టేపు మీద పెన్నుతో రాస్తే వారం తిరిగేసరికి ఊడిపోతుంది. చీటీ చుట్టి దాని మీద పారదర్శకమైన స్లీవు ఎక్కించు. అప్పుడు హార్నెస్ మొత్తాన్ని ఒక్క ముక్కగా తీసి, పాత ప్లైవుడ్ మీద పరిచి, మలుపు ఉన్న ప్రతిచోటా చిన్న మేకు కొట్టు. కొత్త హార్నెస్‌ని ఆ మేకుల మధ్యే కట్టుకోవాలి, బండిలో కాదు. డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని వైర్లు జత చేసేవాళ్ల పని ఎప్పుడూ వంకరగానే వస్తుంది.

హార్నెస్ తియ్యకుండానే పెయింటు కొట్టారన్నావు కాబట్టి ఇంజన్ గదిలో వైర్ల రంగులు సగం కనపడకపోవచ్చు. థిన్నర్ పెట్టి తుడవకు, పైతొడుగు మెత్తబడి పాడవుతుంది. టేపు విప్పితే లోపల అసలు రంగు కనిపిస్తుంది. ఈ బండి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు నుంచి పుట్టింది గనక రంగులు లూకాస్ (అక్కడి కార్ల ఎలక్ట్రికల్ సామాను కంపెనీ) పద్ధతిలో ఉంటాయి. బ్రౌన్ అంటే బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజు లేకుండా వచ్చేది. తెలుపు తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ అదే కరెంటు ఫ్యూజు దాటాక. ఎరుపు పార్కింగ్, టెయిల్ లైట్లు. నీలం మీద తెల్ల చార హెడ్‌లైటు బ్రైట్, నీలం మీద ఎర్ర చార డిమ్. ఆకుపచ్చ మీద ఎరుపు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ మీద తెలుపు కుడి ఇండికేటర్, ఆకుపచ్చ మీద ఊదా బ్రేకు లైటు. నలుపు ఎర్త్, అంటే కరెంటు బండి రేకు గుండా బ్యాటరీకి తిరిగెళ్లే దారి. ఇన్నేళ్లలో ఎంతమంది ఎలక్ట్రీషియన్ల చేతులు పడ్డాయో తెలియదు కాబట్టి రంగుని నమ్మి కలపకు. మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టి రెండు కొనలూ చూసుకున్నాకే రాసుకో.

సామాను సంగతి. ఇంటి వైరింగ్‌కి వాడే వైరు తేవద్దు. ఒంటి తీగ అయితే ఇంజన్ అదురుకి విరుగుతుంది, మెత్తటిదైనా పైతొడుగు ఆయిలుకీ వేడికీ ఆగదు. ఆటో కేబుల్ అని అడుగు, సన్నపోగులు ఎక్కువుండే రాగి వైరు. టెయిల్, పార్కింగ్, ఇండికేటర్, మీటర్లకు 1 స్క్వేర్ ఎంఎం చాలు (ఇక మీద వైరు మందానికి ఎంఎం అంటే ఇదే). వెనక్కి వెళ్లేవే ఆరు వైర్లు, ఒక్కోటి 5 మీటర్ల చొప్పున అక్కడికే 30 మీటర్లు, ముందువైపు కూడా కలిపితే అన్ని రంగుల్లో దాదాపు 60 మీటర్లు పడుతుంది. వైపర్‌కి, హారన్‌కి 1.5 ఎంఎం ఒక 20 మీటర్లు. హెడ్‌లైట్లకు 2.5 ఎంఎం 15 మీటర్లు. డైనమో లేదా ఆల్టర్నేటర్ నుంచి వచ్చే మెయిన్ లైనుకి 4 లేక 6 ఎంఎం. సెల్ఫ్ మోటారు కేబుల్ 25 నుంచి 35 ఎంఎం మధ్య ఉండాలి, దాంట్లో పిసినారితనం చెయ్యకు. హైదరాబాద్ వైపు ఉంటే రాణిగంజ్, బెజవాడ వైపైతే ఆటోనగర్, రెండు చోట్లా మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. రెడీమేడ్ వైరింగ్ కిట్లు కూడా అమ్ముతారు. కొంటే కొను గానీ, బండిలో పెట్టకముందే ప్రతి వైరునీ నీ నోటుబుక్కుతో సరిచూడు. రంగులు కలవని కిట్లు చాలానే తిరుగుతున్నాయి.

హెడ్‌లైటుకి 2.5 ఎందుకని అడుగుతావు. హెచ్4 రకం హెడ్‌లైటు బల్బు బ్రైట్‌లో 60 వాట్లు, రెండూ కలిపి 120, అంటే 10 ఆంపియర్లు. ఒక మీటరు పొడవు 1 ఎంఎం రాగి వైరుకి రెసిస్టెన్స్ సుమారు 0.0175 ఓములు. స్విచ్చి దాకా వెళ్లి తిరిగి ముందుకొచ్చేసరికి 5 మీటర్లు అనుకో, 1 ఎంఎం వైరులో 0.87 వోల్టులు వైరే తినేస్తుంది. 2.5 ఎంఎంలో అదే 0.35. పాత స్విచ్చి, కాలితో తొక్కే డిప్పర్ స్విచ్చి, వాటిలో అరిగిన పాయింట్లు తినేది వేరే. బల్బుకి చేరేది 11 వోల్టుల లోపలే ఉంటే పసుపుపచ్చగా కొవ్వొత్తిలా వెలుగుతుంది, జనం బల్బుని తిట్టుకుంటారు. అందుకే రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చిలు) పెట్టు, ఒకటి బ్రైట్‌కి, ఒకటి డిమ్‌కి. రిలే కాళ్లకి నంబర్లుంటాయి. పాత నీలం వైర్లు రిలేలో 86కి, 85 ఎర్త్‌కి, 30కి ఒక్కోదానికి 15 ఆంపియర్ ఫ్యూజుతో కరెంటు, 87 నుంచి బల్బులకి. స్విచ్చి మీద ఇప్పుడు పావు ఆంపియర్ కూడా పడదు, ఎన్నేళ్లైనా కాలదు. డాష్‌బోర్డులో అంపీర్ మీటర్ ఉంటే మాత్రం ఆ 30కి కరెంటు బ్యాటరీ టెర్మినల్ నుంచి తియ్యకు, కటౌట్ (డైనమో కరెంటుని బ్యాటరీకి కలిపి, విడదీసే పెట్టె) వైపు నుంచి తియ్యి. లేకపోతే డైనమో ఇచ్చేదంతా మీటరు గుండా లైట్లకే పోతున్నా నీకు బ్యాటరీ ఛార్జ్ అవుతున్నట్టే చూపిస్తుంది.

100/90 వాట్ల బల్బులు వేస్తానంటావేమో. బండికి పాత డైనమో ఉంటే అది మహా అయితే 20 ఆంపియర్ల చుట్టుపక్కల ఇస్తుంది. రెండు 100 వాట్ల బల్బులకే 16 పైన పోతాయి. ఇగ్నిషన్ కాయిల్, టెయిల్ లైట్లు, వైపర్ కలిస్తే వానరాత్రి బ్యాటరీ దిగిపోవడం ఖాయం.

ఇక ఫ్యూజులు. ఆ కాలపు లూకాస్ ఫ్యూజు బాక్సులో రెండే ఫ్యూజులు, గాజువి, వాటి మీద 35 అని ఉంటుంది. ఆ 35 ఆంపియర్లు తెగే అంకె. ఆగకుండా మోసేది 17 మాత్రమే. ఈ సంగతి తెలియక ఇప్పటి బ్లేడు ఫ్యూజు 35ది తెచ్చి పెడితే వైరు కాలేదాకా అది కదలదు. ఇంకో విషయం, హెడ్‌లైట్లకు ఆ పద్ధతిలో అసలు ఫ్యూజే లేదు. ఎనిమిది ఫ్యూజుల బ్లేడు బాక్సు ఒకటి కొని గ్లవ్ బాక్సు వెనక బిగించు. ఫ్యూజు కాపాడేది వైరుని, బల్బుని కాదు. కాబట్టి వైరు మందం చూసి వెయ్యి. 1 ఎంఎంకి 10 ఆంపియర్లు, 1.5కి 15, 2.5కి 20.

అసలు పని కొనల దగ్గర. పాత బండిలో వైరు మధ్యలో చెడటం అరుదు, ఎలుక కొరికితే తప్ప. చెడేది లగ్గు (వైరు కొనకి నొక్కే లోహపు బిళ్ల) దగ్గర, బుల్లెట్ కనెక్టర్ (గొట్టంలోకి దూరే గుండు కొన) లోపల, ఎర్త్ దగ్గర. ఒక పాత బుల్లెట్ లాగి చూడు, లోపల పచ్చటి కిలుము పట్టి ఉంటుంది. ఆ వైరు పైతొడుగు ఒక అంగుళం చెక్కితే రాగి నల్లగా కనపడుతుంది. ఆ నలుపు మీద టంకం పట్టదు, లగ్గు నొక్కినా పట్టు ఉండదు. ఏదైనా పాత వైరుని మళ్లీ వాడాల్సివస్తే, బ్లేడుతో గీకితే నిగనిగలాడే ఎర్రరాగి వచ్చేదాకా కోస్తూ పో. 10 సెంటీమీటర్లు కోసినా ఇంకా నలుపే ఉంటే ఆ వైరు వదిలెయ్యి.

లగ్గు వేసేటప్పుడు 6 ఎంఎం పొడవున పైతొడుగు తియ్యి, ఒక్క పోగు కూడా తెగకూడదు. రాట్చెట్ ఉన్న క్రింపింగ్ ప్లయర్‌తో (లగ్గు నొక్కే పట్టుకారు) నొక్కితే ముందు రెక్కలు రాగిని, వెనక రెక్కలు పైతొడుగుని పట్టుకోవాలి. నొక్కాక గట్టిగా లాగి చూడు, ఊడితే ఇప్పుడే ఊడాలి. క్రింపు చేశాక దాని మీద టంకం పొయ్యడం మంచిదని కొందరు చెప్తారు, వినకు. టంకం పోగుల్లోకి పాకి వైరుని పుల్లలా చేస్తుంది, ఆ పుల్ల ఆగిపోయిన చోటే అదురుకి పుటుక్కుమంటుంది. తప్పక టంకం వెయ్యాల్సిన చోట రోజిన్ ఫ్లక్స్ వాడు, యాసిడ్ కాదు. ఆ జాయింటు కదలకుండా పక్కనే క్లిప్పుతో కట్టు. పెట్రోలు ట్యాంకు వైర్ల దగ్గర మటుకు ఏ పరిస్థితిలోనూ సోల్డరింగ్ ఐరన్ తీసుకెళ్లకు.

పైన చుట్టడానికి గుడ్డ టేపు వాడు. మామూలు ఇన్సులేషన్ టేపు జిగురు మన ఎండలకి, బానెట్ కింద వేడికి కరిగి తారులా చేతికంటుకుంటుంది. రెంటచింతల ఎండలో నిలబెట్టిన బండి వైరింగ్ విప్పితే తెలుస్తుంది ఎంత చిరాకో. రేకుకి రంధ్రం ఉన్న ప్రతిచోటా కొత్త రబ్బరు గ్రామెట్.

నీ బండికి రాబోయే తంటా ఎర్త్. కొత్త పెయింటు మెరుస్తోందని మురిసిపోతున్నావు, ఆ పెయింటు కరెంటుని ఆపుతుంది. దీపాల బాడీలు బిగించే ప్రతి బోల్టు కింద, ఎర్త్ వైర్లు కలిసే ప్రతి చోట రూపాయి బిళ్లంత మేర తెల్లరేకు వచ్చేదాకా గీకాలి. పళ్లున్న వాషర్ పెట్టి బిగించి, పైన వాసెలిన్ పూస్తే తుప్పు పట్టదు. ఇది చెయ్యకపోతే బండికి దయ్యం పట్టినట్టుంటుంది. ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు దాంతోపాటు కొట్టుకుంటుంది, బ్రేకు తొక్కితే పార్కింగ్ లైటు మసకబడుతుంది. తన ఎర్త్ దొరకని కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటోందన్నమాట. వీలైతే వెనక దీపాలు రెంటికీ విడిగా ఒక నల్లవైరు లాగి ఒకే చోట రేకుకి కట్టు.

ఇంజన్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే అల్లిక పట్టీ మర్చిపోకు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. ఆ పట్టీ లేకుండా సెల్ఫ్ కొడితే సెల్ఫ్ లాగే నూటయాభై పైచిలుకు ఆంపియర్లు చోక్ కేబుల్ లాంటి వాటి గుండా దారి వెతుక్కుంటాయి, నాబ్ చేతిలోనే కాలొచ్చు.

ఒకటి ముందే చూసుకో, బ్యాటరీలో ఏ టెర్మినల్ బాడీకి వెళ్లిందో. ఆ తరం లూకాస్ బండ్లలో ప్లస్ ఎర్త్ ఉండేవి. మైనస్ ఎర్త్‌కి మార్చాలంటే కాయిల్ వైర్లు రెండూ, అంపీర్ మీటర్ వైర్లు రెండూ తిరగెయ్యాలి. మైనస్ బాడీకి తగిలించాక, డైనమో మీద డి, ఎఫ్ అని ఉన్న టెర్మినళ్ల వైర్లు తీసేసి, బ్యాటరీ ప్లస్ నుంచి ఒక వైరుతో ఎఫ్‌ని రెండు సెకన్లు తాకించాలి, చిన్న నిప్పురవ్వ వస్తుంది, అంతే. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో మాత్రం తిరగేసి తగిలిస్తే డయోడ్లు అక్కడికక్కడే పోతాయి.

అంతా అయ్యాక బ్యాటరీని నేరుగా తగిలించకు. ప్లస్ టెర్మినల్ బిగించి, మైనస్ టెర్మినల్‌కీ ఎర్త్ కేబుల్‌కీ మధ్య ఒక 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టు. అన్ని స్విచ్చిలూ ఆపి, తలుపులు మూసి చూడు. బల్బు చీకటిగా ఉండాలి. భగ్గున వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది. అయినా భయం లేదు, ఆ బల్బు 1.75 ఆంపియర్లు మించి పోనివ్వదు, వైరు కాలదు. ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ పో, ఏది తీసినప్పుడు ఆరిందో ఆ దారిలో వెతుకు. మసకగా వెలిగితే ఏదో ఒకటి ఆన్‌లో ఉన్నట్టు. పార్కింగ్ వేస్తే టెస్ట్ బల్బూ పార్కింగ్ లైట్లూ సగం సగం వెలుగుతాయి, అది సహజం. హెడ్‌లైటు వేస్తే టెస్ట్ బల్బు గట్టిగా వెలగొచ్చు, రిలేలు టకటకలాడొచ్చు, హెడ్‌లైట్లు మాత్రం వెలగవు. దాన్ని చూసి షార్ట్ అనుకుని కంగారుపడకు, హెడ్‌లైట్లు ఎక్కువ కరెంటు అడుగుతాయి కదా. ఆ బల్బు ఉండగా సెల్ఫ్ కొట్టకు.

అది దాటాక బ్యాటరీ పూర్తిగా తగిలించి మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టు. ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి వెలుగుతున్న దీపం బాడీ మీద. నాలుగు మూలలా, ఇండికేటర్, బ్రేకు, హెడ్‌లైటు వేసి వేసి చూడు. 0.2 వోల్టులు దాటకూడదు. ఆ రీడింగులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి ఫోటో పంపు, దాటినవి ఉంటే ఏ బోల్టు విప్పాలో చెప్తాను.

మీ మామయ్య