పెరటి ప్రశ్నలు: ఏ నెలకు ఏ పువ్వు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే కోరిక: ఏడాది పొడుగునా ఇంటి ముందు రంగు కనబడాలి. వాటిలో నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: అమ్మా, హనుమకొండలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. కాంపౌండ్ గోడ వెంబడి నలభై అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున మట్టి వదిలించాం. ఎండ బాగా పడుతుంది. పోయిన జూన్‌లో నర్సరీకి వెళ్లి, పూలతో కళకళలాడుతున్న మొక్కలే ఏరి తెచ్చుకున్నాం. దసరా నాటికి అన్నీ ఒట్టి ఆకులే మిగిలాయి. ఏం వేస్తే ఏడాదంతా కళగా ఉంటుంది? గేటు పక్కన గుల్‌మొహర్ పెట్టాలని మావారికి ఆశ.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నేను కడియపులంకలో నర్సరీవాళ్ల ఇంట పుట్టినదాన్ని కాబట్టి లోపలి మాట చెబుతాను. పూసిన మొక్కే అమ్ముడుపోతుంది. అందుకే ఆ వారం ఏది పూస్తే అది ముందు వరుసలోకి వస్తుంది. మీరు ఒక్కరోజే, ఒక్క వరుసలోంచే ఏరుకున్నారు. దాంతో మీ తోటకు ఒక్క ఋతువే మిగిలింది. ఉన్నవాటిని పీకేయకండి. మీ గోడ వెంబడి ఏ నెల బోసిగా ఉంటుందో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని, ఆ నెలలోనే నర్సరీకి వెళ్లండి. అప్పుడు పూస్తూ కనబడిందే మీకు కావలసిన మొక్క. నాటడం మాత్రం మళ్లీ తొలకరికే.

మీవారికి ముందు నచ్చజెప్పాల్సింది గుల్‌మొహర్ సంగతి. మా వైపు తురాయి అంటాం. మే నెలలో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ అది గొడుగులా పక్కలకు విస్తరించే చెట్టు. వేళ్లు పైపైనే పాకి గోడనూ, నడిచే బండలనూ ఎత్తేస్తాయి. కొమ్మలు పెళుసు, ఈదురుగాలికి ఆగవు. ఆరడుగుల మట్టిలో దాన్ని పెట్టడం గోడకూ, చెట్టుకూ ఇద్దరికీ అన్యాయమే.

దాని బదులు రేల వేయండి. మార్చి, ఏప్రిల్‌లో ఆకు రాల్చేసి, ఎండలు ముదిరేకొద్దీ మూరెడు పొడవు పసుపు గుత్తులు వేలాడేస్తుంది. మంచి పూత చూడాలంటే కొన్నేళ్లు ఆగాలి, ముందే చెబుతున్నా. ఇంకో సంగతి. వానాకాలంలో లేత ఆకుల అంచున పచ్చటి గొంగళిపురుగులు బారులు తీరి కనబడతాయి. ఆకు మధ్య ఈనె మీద అతుక్కుని ఉంటే పట్టి చూస్తే గానీ కనబడవు. మందు కొట్టాలని తొందరపడకండి. అవే కొద్దిరోజులకు లేత పసుపు సీతాకోకచిలుకలై మీ పెరట్లోనే తిరుగుతాయి. చెట్టు మళ్లీ చిగురిస్తుంది, దానికేం కాదు.

దసరా నుంచి కార్తీకం దాకా దేవకాంచనం. గులాబీ, ఊదా కలిసిన పూలు. చిన్న చెట్టే, కత్తిరిస్తే చెప్పినట్టు వింటుంది. శ్రావణం వెళ్లేసరికి పారిజాతం మొదలవుతుంది. దాని అందం కొమ్మ మీద కంటే తెల్లవారి నేల మీదే ఎక్కువ కాబట్టి, కింద సిమెంటు చేయించకుండా మట్టి వదలండి.

మీది హనుమకొండ గనుక తంగేడు గురించి అడగకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంది. బతుకమ్మకు ఊరి బయట తుప్పల్లో వెతుక్కునే పువ్వు, పైగా రాష్ట్ర పుష్పం, ఇంటి గోడ పక్కన ఎందుకు ఉండకూడదు? నీళ్లు అడగదు, ఎరువు అడగదు. బయటి నుంచి మొక్క పీక్కొచ్చి నాటితే మాత్రం బతకడం కష్టం. తల్లివేరు లోతుగా దిగిపోయి ఉంటుంది, అది తెగితే అంతే. ఎండిన కాయలు తెచ్చి, గింజల మీద వేడినీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి, తొలకరికి నేలలోనే విత్తండి.

చలికాలానికి డిసెంబరు పూలు. కాస్త నీడ ఉన్నా పూస్తాయి. పూత అయ్యాక కురచగా కోసి ఆ కొమ్మలే గుచ్చితే ఇంకో వరుస వస్తుంది. సందుల్లో మెట్టతామర, వాన లిల్లీ దుంపలు పాతిపెట్టండి. పెద్ద వాన కురిసిన కొన్నాళ్లకే లిల్లీలు ఒక్కసారిగా లేస్తాయి. ఇక ఫిబ్రవరి, మార్చిలో పూలు పలచబడినా దిగులు పడకండి. రావి, కానుగ కొత్త చిగురు వేసే కాలం అది. రావి చిగురు రాగి రంగులో ఉండి, ఎండ పడితే పూలను మరిపిస్తుంది. మీ వీధిలో ఉండే ఉంటుంది, చూసుకోండి. దాన్ని మీ గోడ దగ్గర నాటుకోవద్దు గానీ!

ప్రశ్న: మేడమ్, మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. పిల్లలకు ఫొటోల్లో కనబడే ఎర్రటి ఆకుల చెట్లు కావాలట. జపనీస్ మేపుల్ రెండుసార్లు మాడిపోయింది. ముందు యార్డ్ చిన్నది.
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, ఆ ఫొటోలు ఎక్కడో చల్లటి రాష్ట్రాలవి. మీది సున్నం పాలు ఎక్కువున్న నల్లటి బంకమట్టి, పైన పడమటి ఎండ. మేపుల్ ఆకు అంచులు మాడటం మీ తప్పు కాదు.

అక్కడి నేలకు అలవాటైనవి తీసుకుంటే నాలుగు కాలాలూ గడిచిపోతాయి. మార్చిలో టెక్సస్ రెడ్‌బడ్, ఆకు రాకముందే మోడు కొమ్మల నిండా గులాబీ రంగు పూస్తుంది. అది మన దేవకాంచనానికి చుట్టమే, ఆకు చూస్తే పోలిక తెలుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా క్రేప్ మిర్టిల్. మీ పక్కనున్న మెకిన్నీలో దీని రకాలన్నీ ఒకచోట పెంచే పార్కే ఉంది. కొనేముందు పూసే కాలంలో అక్కడికి వెళ్లి చూసి రండి. రంగు కంటే ముందు చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో అడగండి. నాచెజ్ అనే తెల్ల రకం పాతికడుగులు దాటుతుంది. అకోమా అయితే పదడుగుల దగ్గర ఆగుతుంది. ఫిబ్రవరిలో మీ వీధిలో చాలామంది దాని తల మొదలంటా నరికేస్తుంటారు, మీరు చేయకండి. కొత్త రెమ్మల మీదే పూస్తుంది కాబట్టి ఎండిన గుత్తులు తీసేస్తే చాలు. బెరడు మీద తెల్లటి పొలుసు పురుగు, దాని కింద మసి పట్టినట్టు నలుపు కనబడితే ఆలస్యం చేయకుండా మెత్తటి బ్రష్‌తో, సబ్బునీళ్లతో రుద్దండి. అమెరికాలో ఈ పురుగును మొదట గుర్తించింది 2004లో మీకు దగ్గర్లోని రిచర్డ్‌సన్‌లోనే.

నవంబరు ఎరుపుకు షూమార్డ్ ఓక్ ఉంది గానీ అది మహావృక్షం అవుతుంది. వెనక యార్డ్ పెద్దదైతేనే ఆలోచించండి. చిన్నచోట అయితే యోపాన్ హోలీ నాటండి, చలికాలమంతా ఎర్రటి పండ్లు ఉంటాయి. ఆడమొక్కకే కాస్తాయి, కాబట్టి పండ్లున్నదాన్నే చూసి కొనుక్కోండి. (కళ కావలసిన కాలంలోనే వెళ్లి, చూసి కొనమని హనుమకొండ ఆవిడకు చెప్పిన సలహానే ఇక్కడా చెల్లుతుంది.) కింద ఆటమ్ సేజ్ వేస్తే వసంతంలోనూ, శరత్తులోనూ పూస్తుంది. మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల మొక్కల జాబితా ఒకసారి చూసుకుని, అక్టోబరు, నవంబరుల్లో నాటండి. ఎండలు వచ్చేలోగా వేళ్లు దిగుతాయి.

ప్రశ్న: విశాఖలో బీచ్‌కి దగ్గరగా ఉంటాం. ఏ పూలమొక్క తెచ్చినా ఆకు కొసలు మాడిపోతున్నాయి. పైగా మా వీధిలో ఏడాకుల పొన్న చెట్లు పూస్తే రాత్రిళ్లు ఆ ఘాటుకు తలనొప్పి. మా ఇంట్లో ఏం వేయమంటారు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ ఘాటు అక్టోబరు, నవంబరులదే. కొట్టించాలనుకోవద్దు, వీధి చెట్టు విషయం కార్పొరేషన్‌ది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మీ ఊరు ఎన్ని చెట్లు పోగొట్టుకుందో మీకే బాగా తెలుసు.

మీ మొక్కల్ని మాడుస్తున్నది ఉప్పుగాలి. దాన్ని తట్టుకునే చెట్టును సముద్రం వైపు నిలబెట్టి, తక్కినవాటిని దాని చాటున పెట్టాలి. ముందు వరుసకు గంగరావి మించింది లేదు. పొద్దున విచ్చిన పువ్వు పసుపు, సాయంత్రానికి ముదిరి ఎరుపు తిరుగుతుంది. ఒకే చెట్టు మీద రెండు రంగులూ చూడొచ్చు. పొన్న (మీ వీధిలోని ఏడాకుల పొన్న కాదు, ఇది వేరే చెట్టు) కూడా తీరప్రాంతపు చెట్టే, మెల్లగా పెరుగుతుంది. వాటి వెనక దేవగన్నేరు, కాగితంపూలు, ఇంకా లోపలికి నూరువరహాలు. గన్నేరు కూడా ఉప్పుకు ఆగుతుంది గానీ, ఇంట్లో పసిపిల్లలుంటే వద్దంటాను. ఆ మొక్క నిలువెల్లా విషమే. గాలి ఎక్కువ వీచిన మర్నాడు ఆకుల మీద మంచినీళ్లు చిలకరించి కడగండి.

ప్రశ్న: విజయవాడలో మేడ మీద కుండీల్లో చామంతి పెట్టాను. సంక్రాంతి వచ్చినా ఏపుగా ఆకులే, ఒక్క మొగ్గ లేదు. ఎరువు చాలలేదా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఎరువు కాదు బాబూ, మీ మేడ పక్కన వీధి లైటు ఉందా? చామంతి మొగ్గ తొడగాలంటే దానికి చీకటి కావాలి. జూన్ చివర మనకు పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరులో 11 దాటి కొంచెం. రాత్రి అలా పెరిగేకొద్దీ మొగ్గకు సమయమైందని మొక్క గ్రహిస్తుంది. రాత్రంతా ఎల్‌ఈడీ వెలుగు పడుతుంటే దానికి వేసవి అయిపోనట్టే. పాలీహౌస్‌ల్లో పూత ఆలస్యం చేయడానికి కావాలనే రాత్రిళ్లు బల్బులు వేస్తారు. మీకు ఆ పని వీధి లైటు ఊరికే చేసిపెడుతోంది.

సెప్టెంబరు నుంచి కుండీలను నీళ్ల ట్యాంకు చాటుకో, లైటు పడని మూలకో జరపండి, పగటి ఎండ తగ్గకుండా. ఈ ఏడాదికి పారేయకుండా కాడలు కురచగా కోసి, వేసవిలో సగం నీడన ఉంచండి. మొక్క మొదలు దగ్గర వచ్చే పిలకల్ని జూన్, జులైల్లో విడదీసి నాటి, నెలకు ఒకసారి కొస తుంచండి. ఆగస్టు తర్వాత మాత్రం తుంచొద్దు.

ఇంకో ఆయన కాగితంపూల చెట్టు నిండా ఆకులే, పువ్వు లేదని రాశారు, రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నారట కూడా. ఆపేయండి. ఆకు కాస్త వాడినట్టు కనబడ్డాకే పోయండి.