కొంగ, ఎండ్రకాయ... మరి బుద్ధుడెవరు?

ప్రశ్న: మా బాబుకి కొంగ, ఎండ్రకాయ కథ చెబుతుంటే మా ఆడపడుచు విని, అది పంచతంత్రం కాదు, జాతక కథ, అంటే బుద్ధుడి వెనకటి జన్మల కథ అంది. అలాగైతే అందులో బుద్ధుడెవరు? ఎండ్రకాయేనా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కథ రెండిట్లోనూ ఉందమ్మా, ఇద్దరూ గొడవ పడక్కర్లేదు. పాళీ భాషలోని 547 జాతకాల్లో ఇది 38వది, పేరు బక జాతకం. బుద్ధుడు మాత్రం ఎండ్రకాయ కాదు, కొంగ అసలే కాదు. చెరువు గట్టున చెట్టు మీదుండే దేవత! జరిగేదంతా చూసి, కొంగ మెడ తెగాక ‘భలే’ అని ఒక గాథ (పద్యం) చదువుతుంది, అంతే. జాతకమంటే హీరో బోధిసత్వుడే (వెనకటి జన్మల్లోని బుద్ధుడే) కావాలన్న రూలేమీ లేదు.

నాకైతే కొంగ కంటే ఆ కథ ఎందుకు చెప్పారన్నదే ఇష్టం. బుద్ధుడుండే జేతవన విహారంలో చీవరాలు (భిక్షువుల బట్టలు) కుట్టే భిక్షువు ఒకడుండేవాడు. పాత గుడ్డపేలికలు కుట్టి, రంగేసి, గంజి పెట్టి, శంఖంతో రుద్ది నిగనిగలాడించేవాడు. కుట్టుపని రాని భిక్షువులు కొత్త బట్ట తెస్తే అది తీసుకుని దీన్ని అంటగట్టేవాడు. వాళ్ళు వేన్నీళ్ళలో ఉతికాక చూస్తే అన్నీ చిరుగులే. (బట్టల కొట్లో మెరుపు చూసి మోసపోయే నాలాంటివాళ్ళు అప్పుడూ ఉన్నారన్నమాట.) చివరికి ఒక పల్లెటూరి భిక్షువు అదే కిటుకుతో ఇతగాడికే టోపీ పెట్టాడు. ఈ సంగతి సభలో చెప్పుకుంటుంటే బుద్ధుడు, ‘వీళ్ళిద్దరూ వెనకటి జన్మలోనూ ఇంతే’ అని కొంగ కథ ఎత్తుకున్నాడు. ఆఖర్న ఎవరు ఎవరో చెప్పాడు: జేతవనం వాడు కొంగ, పల్లెటూరి వాడు ఎండ్రకాయ. ఇలా బుద్ధుడి కాలంలో ఏదో జరగడం, దానికో పాత కథ చెప్పడం, చివర్న పాత్రలను కలపడం జాతకాల పద్ధతి. పంచతంత్రంలో ఈ ముందూ వెనకా ఉండవు.

మీ బాబు బోధిసత్వుడే గెలవాలంటే కోతి, మొసలి కథ చెప్పండి. పంచతంత్రంలో వాటికి నేరేడు పళ్ళ స్నేహం. జాతకంలో స్నేహమేమీ లేదు, గంగ అవతలి ఒడ్డున మంచి పళ్ళున్నాయని మొసలి ఆశ పెడుతుంది. కోతి తన గుండె మేడిచెట్టుకు వేలాడుతోందని చెప్పి తప్పించుకుంటుంది. ఇందులో కోతే బోధిసత్వుడు, మొసలి బుద్ధుడంటే గిట్టని దేవదత్తుడు. కోతి గుండె కావాలని మారాం చేసిన ఆడ మొసలి చించ. బుద్ధుడి వల్ల గర్భవతినయ్యానని సభలో అబద్ధమాడిన ఆవిడే. ఆ కథ మాత్రం బాబు పెద్దయ్యాక చెబుదురుగాని.