ఎంసీబీ పడిపోతోందని కేసు వేయొచ్చా?

సందేహం: విజయనగరంలో కొత్త ఇల్లు కట్టాం. వైరింగ్ సామానుతో సహా ఒక ఎలక్ట్రీషియన్‌కు లక్షా నలభై వేలకు గుత్తకిచ్చాం. 2024 ఆగస్టులో గృహప్రవేశం. అప్పటి నుంచే ఏసీ నడుస్తుండగా గీజర్, ఇస్త్రీపెట్టె వేస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతోంది. సిరిమాను పండక్కి చుట్టాలొచ్చిన రాత్రి నాలుగుసార్లు కరెంటు పోయి పరువు పోయింది. అడిగినప్పుడల్లా ‘వస్తాను, చూస్తాను’ అన్నాడు. ఇప్పుడేమో 32 ఆంపియర్ల ఎంసీబీ వేసేస్తే సరిపోతుందంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టవచ్చా?

జవాబు: ఎంసీబీ పడటం లోపం కాదండి, అది దాని పని. 230 వోల్టుల దగ్గర 3000 వాట్ల గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది. ఏసీ ఏడెనిమిది, ఇస్త్రీపెట్టె నాలుగు. అన్నీ ఒకే 16 ఆంపియర్ల ఎంసీబీ మీద ఉంటే పడక ఏం చేస్తుంది?

ఏసీకి, గీజర్‌కి వేరే లైన్లు, తగిన మందం వైరు వేస్తానని అతను ఒప్పుకున్నాడా? కేసంతా ఇక్కడే ఉంది. చుట్టాల గురించి రాశారు గానీ ఈ మాట రాయలేదు. లక్షా నలభై వేలు ఇచ్చి చిన్న కాగితమైనా రాయించుకోలేదంటే తప్పు మీదే. ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్‌లో పంపిన ఎస్టిమేట్, సామాను కొన్న బిల్లులు వెతకండి. వాట్సాప్ సందేశాలకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే పత్రం) జతచేయండి.

32 ఆంపియర్ల ఎంసీబీ మాత్రం వేయించకండి. వైరు సన్నదైతే ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలుతుంది. పైగా ‘వాళ్లే మార్చుకున్నారు’ అని అవతలి లాయరు అన్నాడంటే మీ సాక్ష్యం అక్కడితో సరి.

మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపలేకపోతే చీటింగ్ కేసు నిలవదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీ మొత్తానికి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వైరింగ్ లోపం మొదటి రోజే తెలిసింది కాబట్టి 2026 ఆగస్టులో గృహప్రవేశం జరిగిన తేదీ దాటనివ్వొద్దు. నోటితో చెప్పిన ‘వస్తాను’లు గడువును పొడిగించవు. దాటిపోతే ఆలస్యానికి తగిన కారణం చూపి మాఫీ అడగాలి, ఇస్తారన్న భరోసా లేదు.

ముందు లైసెన్సున్న వేరే ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతో చూపించి, ఏ లైనుకు ఎంత వైరు ఉందో రాతలో తీసుకోండి. వైరు సైజు దాని మీదే అచ్చయి ఉంటుంది, ఫోటోలు తీయండి. తర్వాత పదిహేను రోజుల గడువిచ్చి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి.

అన్నట్టు, కరెంటు బిల్లులో మీకు మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో చూశారా? ఒకటో రెండో ఉంటే వెంటనే అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి. ఇంట్లో ఎంసీబీ పడటానికీ దానికీ సంబంధం లేకపోయినా, అవతలివాళ్లు మొదట అడిగే ప్రశ్న అదే.