నా పేరుతో అచ్చయిన తప్పు

ప్రశ్న: నేను నల్లగొండలో ఉంటూ పత్రికలకు విడిగా వ్యాసాలు రాస్తుంటాను. మర్రిగూడ మండలంలో తిరిగి ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసం ఒక మాసపత్రికలో వచ్చింది. తాగునీటిలో ఫ్లోరైడ్ హద్దు ‘లీటరుకు 1.5 మిల్లీగ్రాములు’ అని నేను రాస్తే ‘1.5 గ్రాములు’ అని వేశారు. ‘వ్యాధి’ అన్న మాటను డెస్క్‌లో ‘అంటువ్యాధి’గా మార్చారు. అడిగితే మళ్లీ రాసే అవకాశం ఇవ్వరేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అడగండి, ఆలస్యం చేయకుండా అడగండి. గ్రాముకు, మిల్లీగ్రాముకు మధ్య తేడా వెయ్యి రెట్లు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారు. అచ్చయిన అంకెను నమ్మిన రైతు తన బోరు నీటి పరీక్ష కాగితాన్ని దానితో పోల్చుకుంటే, ఆ నీరు ఎంత చెడ్డదైనా నిక్షేపంగా ఉందనుకుంటాడు.

అయినా నన్ను ఎక్కువ కలచివేసింది రెండో మార్పు. ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగినందువల్ల పళ్లకు, ఎముకలకు వచ్చేదే తప్ప ఒకరి నుంచి ఒకరికి సోకేది కాదు. ఆ ఊళ్లతో వియ్యమందడానికి జనం వెనుకాడిన రోజులను మన జిల్లా చూసింది. మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టుకొని తమ బాధ చెప్పుకున్నవారి మీద, మీ పేరు కిందనే, ఆ మాట పడింది.

ముందుగా మీరు పంపిన ప్రతిని తెరిచి, ఆ రెండు చోట్లా మీరు సరిగానే రాశారని నిర్ధారించుకోండి. తరువాత సంపాదకులకు మెయిల్ రాయండి: పంపిన వాక్యం, అచ్చయిన వాక్యం, ఆధారం, వచ్చే సంచికలో వేయదగిన సవరణ పాఠం, ఇవి చాలు. ఎవరు మార్చారన్న ఆరా అందులో వద్దు. ‘బాయి’ని ‘బావి’గా దిద్దడం వంటి భాషా మార్పుల మీద మీకు అభ్యంతరం ఉంటే, అది న్యాయమైనదే కావచ్చు, కానీ మరో ఉత్తరంలో రాయండి, రెండూ కలిపితే అసలు తప్పు పలచబడుతుంది. వెబ్‌సైటులో వ్యాసం ఉంటే దానిని వెంటనే సరిదిద్దమనండి. పెద్ద తప్పు బయటపడినప్పుడు తగిన ప్రాధాన్యంతో సవరణ ప్రచురించాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళి కూడా చెబుతున్నది కనుక మీరు కోరుతున్నది దయ కాదు. అవకాశం పోతుందన్న భయం నాకు అర్థమవుతుంది, కానీ ఇటువంటి తప్పును ఉండనిచ్చి దక్కించుకునే అవకాశం మీకు మేలు చేయదని నా అభిప్రాయం.

సవరణ అచ్చయ్యే దాకా ఆగకుండా మర్రిగూడకు వెళ్లి, మీతో మాట్లాడిన ప్రతి ఇంటికీ జరిగినది మీ నోటితోనే చెప్పండి.