పెరటి చెట్టుకు కత్తి పెట్టేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పెరట్లో బంగినపల్లి మామిడి ఉంది. డాబా మీదికి ఒరిగిన లావు కొమ్మను మనిషిని పెట్టి తీయించాం. అది పడేటప్పుడు మాను బెరడు రెండడుగుల మేర చీరుకుపోయింది. ఇంకో కొమ్మ తీయించాల్సి ఉంది. ఈసారి ఏం చెప్పి చేయించాలి?
(ఒక పాఠకురాలు, కావలి)

జవాబు: పైనుంచి ఒకే కోత కోసినందుకు వచ్చిన తంటా ఇది. కోత సగం దాటగానే కొమ్మ తన బరువుకు తానే వంగుతుంది. అడుగున తెగకుండా మిగిలిన పీచు, బెరడును పట్టుకుని మాను దాకా లాక్కుపోతుంది. అందుకే మణికట్టు మందం దాటిన కొమ్మ దేన్నయినా మూడు కోతల్లో తీయాలి.

మొదటి కోత కింది నుంచి. మానుకు అడుగు దూరంలో, మందంలో నాలుగో వంతు దిగేదాకా కోసి ఆపేయాలి. ఇంకా లోతుకు పోతే కొమ్మ కుంగి రంపాన్ని పట్టేస్తుంది. రెండోది పైనుంచి, కింది గాటుకు రెండంగుళాలు కొస వైపుగా. ఇది దిగుతుండగానే కొమ్మ ఫెళ్లున విరుగుతుంది. చీలిక కింది గాటు దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన అడుగు మొద్దుకు బరువుండదు కాబట్టి తీరిగ్గా కోయొచ్చు.

అసలు కిటుకు మూడో కోతలో ఉంది. కొమ్మ పుట్టే చోట చూడండి, ముడతలు పడి, ముసలాయన మెడలా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బును మానుకే వదిలేసి, దాని అంచు వెంట కోయాలి. గాయాన్ని మూసే కొత్త బెరడు అక్కడే పుట్టి, గాజులా చుట్టూ కమ్ముకొస్తుంది. నున్నగా ఉండాలని మానుకు సమంగా చెక్కిస్తే ఆ ఉబ్బు పోయి గాయం పెద్దదవుతుంది. అలాగని జానెడు మోడు వదిలినా అది ఎండి, పుచ్చు లోపలికి దిగుతుంది. గొడ్డలితో ఈ కోత కుదరదు, రంపమే కావాలి.

చీరుకుపోయిన చోట వేలాడే బెరడును పదునైన కత్తితో, మానుకు గట్టిగా అంటుకున్న బెరడు దాకా తీసేయండి. మేకులు కొట్టి అతికించొద్దు. తారు, పెయింటు పూయొద్దు, తేమ లోపలే నిలిచి కుళ్లుతుంది. పూయాలనుకుంటే బోర్డో ముద్ద పూయండి. అర లీటరు నీళ్లలో 100 గ్రాముల మైలుతుత్తం, మరో అర లీటరులో 100 గ్రాముల సున్నం విడివిడిగా కలిపి, రెంటినీ మూడో ప్లాస్టిక్ బకెట్లో కలుపుతూ పోయాలి. ఇనుప బకెట్ పనికిరాదు. తోమిన ఇనుప కత్తిని నిమిషం ముంచి తీస్తే ఎర్రటి రాగి పూత కనిపించిందంటే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం కలపండి. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలి.

మామిడికి కత్తిరింపు కాయ కోత అయిపోయాక, జూన్, జూలైలలో. అక్టోబరు దాటాక కత్తిరిస్తే ఆ కొసల్లో రావాల్సిన పూత పోయినట్టే. గుబురులో నాలుగో వంతుకు మించి ఒకే ఏడాది తీయించొద్దు. సొన తగిలితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది, నిండు చేతుల చొక్కా వేసుకోమనండి.

ప్రశ్న: వేప కొమ్మలు కరెంటు సర్వీసు వైరుకు తగులుతున్నాయి. దోటితో మేమే లాగేయొచ్చా? తుపాన్ల భయంతో చెట్టును నడిమికి కొట్టించమంటున్నారు ఇంట్లో.
(ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: లాగొద్దు. ఇనుప గడే కాదు, పచ్చి వెదురు, తడి కొమ్మ కూడా కరెంటును మోస్తాయి. సర్వీసు వైరు పైతొడుగు ఎండలకు పగిలి ఉండొచ్చు కూడా. తీగకు పదడుగుల లోపు పని ఏదైనా 1912కు ఫోన్ చేసి, విద్యుత్ సిబ్బంది సరఫరా ఆపాకే చేయించండి.

నడిమికి కొట్టించడం మాత్రం మేం ఒప్పుకోం. తల తీసిన వేప గుప్పెడు గుప్పెడు చిగుళ్లు వేస్తుంది. అవి మాను లోపలి నుంచి కాక పైపైన పుట్టినవి. నాలుగేళ్లలో లావెక్కి, అప్పటికి కోత కూడా పుచ్చి ఉంటుంది కాబట్టి, గాలికి ముందు ఊడిపడేవి అవే. దానికి బదులు అక్టోబరు వానలకు ముందే, ఆగస్టు, సెప్టెంబరులలో చెట్టును పలుచన చేయించండి. ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, ఇరుకు పంగలో నిటారుగా లేచినవి తీసేస్తే గాలి దూరిపోతుంది. పొడవు తగ్గించాలంటే, తీసే కొమ్మ మందంలో కనీసం మూడో వంతున్న పక్క కొమ్మ దాకా వచ్చి అక్కడ కోయాలి. లోపలి రెమ్మలన్నీ గీకేసి కొసన కుచ్చులు వదిలితే మాత్రం, బరువంతా కొసకు చేరి కొమ్మ ఇంకా తేలిగ్గా విరుగుతుంది.

నిచ్చెన పన్నెండడుగుల ఎత్తున ఆనితే, దాని కాళ్లు మూడడుగుల దూరంలో ఉండాలి. తలను మోకుతో మానుకు కట్టాలి, కోసే కొమ్మకు ఎప్పుడూ ఆనించకూడదు. కింద ఒకరు పట్టుకుని ఉండాలి. యంత్ర రంపం నిచ్చెన మీద వద్దే వద్దు. ఇంత చెప్పినా మొదలంటా తీసేద్దామనిపిస్తే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి సంగతి ముందు కనుక్కోండి.

ప్రశ్న: నిమ్మచెట్టు లోపల ముళ్ల పొదలా తయారైంది. ఆకుల మీద, కాయల మీద గజ్జి కూడా ఉంది.
(ఒక పాఠకుడు, పొదలకూరు)

జవాబు: మంచు, వాన తడి ఆరాకే కత్తెర పట్టండి, గజ్జి తడిలోనే పాకుతుంది. ఎండు పుల్లలు, గజ్జి పట్టిన రెమ్మలు, మాను మీంచి పొగరుగా నిలువునా లేచే నీటి కొమ్మలు తీసేయండి. నేలకు అడుగున్నర దాకా మాను ఖాళీగా ఉండాలి. చెట్టు మారినప్పుడల్లా కత్తెరను స్పిరిట్ గుడ్డతో తుడవాలి. తీసిన రెమ్మలు కుప్పపెట్టకుండా కాల్చేయాలి. ఆ తర్వాత లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చల్లండి.

ప్రశ్న: మునగ మేడ ఎత్తు పెరిగింది. కాయలు అందడం లేదు, ఎక్కి కోయొచ్చా?
(ఒక పాఠకురాలు, కందుకూరు)

జవాబు: ఊరికే అనలేదు మునగచెట్టు ఎక్కించడమని! ఆ కొమ్మ పటుక్కున విరుగుతుంది, ఎంత లావున్నా నమ్మొద్దు. కాయలు అయిపోయాక కింద నిలబడే, పై నుంచి ముక్కలుగా తీసుకుంటూ వచ్చి, నేలకు మూడడుగుల ఎత్తున ఏటవాలుగా కోయండి. వచ్చిన చిగుళ్లలో నాలుగైదు ఉంచి మిగతావి గిల్లేస్తే మళ్లీ కాపు చేతికందే ఎత్తులో ఉంటుంది. మాను మీద చెయ్యి వేసేముందు గొంగళి పురుగులు ఉన్నాయేమో చూసుకోండి, వానాకాలంలో గుంపులుగా అంటుకుని ఉంటాయి. కోసిన వాటిలో లావు ముక్కల్ని మూడడుగులకు తెగ్గొట్టి, నీళ్లు నిలవని చోట అడుగు లోతున పాతండి, వేళ్లు వేస్తాయి.