సబ్‌మెరైన్‌ను తెలుగులో ఏమంటారు? జలాంతర్గామి ఒక్కటేనా, వేరే అర్థాలు, పర్యాయపదాలు ఉన్నాయా?

విశాఖపట్నంలో ఉంటూ చాలా ఏళ్లుగా ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. ఈ మాట నన్ను ఒకసారి బాగా ఇబ్బంది పెట్టింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు అడిగేది ఆ ఓడ గురించే అయితే జవాబు జలాంతర్గామి. పేపర్లలో, పాఠ్యపుస్తకాల్లో ఇదే మాట. మాట్లాడేటప్పుడు మాత్రం అందరం సబ్‌మెరైన్ అనే అంటాం. మా ఊళ్లో ఆటో ఎక్కి "జలాంతర్గామి దగ్గర ఆపండి" అన్నవాళ్లను నేను చూడలేదు. "బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర" అంటే చాలు, అక్కడ మ్యూజియంగా ఉన్న కుర్సురా అనే జలాంతర్గామి ముందు దింపుతారు. కొందరు సబ్‌మరీన్ అని కూడా రాస్తారు. రెండూ వాడుకలో ఉన్నాయి, ఏదీ తప్పు కాదు.

ఇక నా అనుభవం. కొన్నేళ్ల క్రితం ఇంటర్నెట్ మన దేశానికి ఎలా చేరుతుందో చెప్పే వ్యాసం ఒకటి అనువాదానికి వచ్చింది. ముంబై, చెన్నై తీరాలకు చేరే సబ్‌మెరైన్ కేబుళ్ల గురించి అది. నేను రెండో ఆలోచన లేకుండా "జలాంతర్గామి కేబుల్" అని రాశాను. అలాగే అచ్చయింది. తర్వాత ఒక పాఠకుడు అడిగాడు: "ఈ తీగలు నేవీవాళ్లు జలాంతర్గాముల కోసం వేసుకున్నవా?" ఆయన సరిగ్గానే చదివారు. నేను రాసినదానికి తెలుగులో ఆ అర్థమే వస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు మాటను విడదీసి చూశాను. జల, అంతః, గామి. అంతః అన్నదాని విసర్గ రేఫగా మారి అంతర్గామి అయింది, అంతర్ముఖంలో లాగా. అసలు కీలకం గామిలో ఉంది. గామి అంటే వెళ్లేది, నడిచేది. అగ్రగామి, పురోగామి, తిరోగామి అన్నిటిలో ఉన్నది అదే. నీటి లోపల ప్రయాణించేది జలాంతర్గామి. కేబుల్ ఎక్కడికీ వెళ్లదు, వేసినచోట పడి ఉంటుంది. దానికి ఈ మాట ఎలా నప్పుతుంది?

ఇంగ్లిష్‌లో ఈ చిక్కు రాదు, ఎందుకంటే వాళ్లకు సబ్‌మెరైన్ మొదట విశేషణం. లాటిన్ మూలంలో సబ్ అంటే కింద, మారే అంటే సముద్రం. సముద్రం కింద ఉన్నది ఏదైనా సబ్‌మెరైనే. అలా నడిచే పడవను సబ్‌మెరైన్ బోట్ అనేవారు, క్రమంగా బోట్ రాలిపోయి విశేషణమే పేరుగా మిగిలింది. మొబైల్ ఫోన్ కాస్తా మనకు మొబైల్ అయిపోయినట్టే.

కాబట్టి ఓడ కానిచోట జలాంతర్గామి వాడకండి. సముద్రగర్భ అగ్నిపర్వతం, సముద్రగర్భ లోయ అనండి. బంగ్లాదేశ్ తీరానికి దగ్గర బంగాళాఖాతంలో ఉన్న స్వాచ్ ఆఫ్ నో గ్రౌండ్ అలాంటి లోయే. కేబుల్ విషయంలో నేనిప్పుడు "సముద్రం అడుగున వేసిన కేబుల్" అని రాస్తున్నాను. కాస్త పొడుగైనా ఎవరికీ అనుమానం రాదు.

సబ్‌మెర్సిబుల్, అంటే లోతు నీళ్లలోకి దిగే చిన్న వాహనం, వేరు. 2023లో టైటానిక్ శకలాలు చూడ్డానికి వెళ్లి నీటి ఒత్తిడికి లోపలికి నలిగిపోయిన టైటాన్‌ను చాలామంది జలాంతర్గామి అన్నారు. జలాంతర్గామి రేవు నుంచి తనంతట తాను బయల్దేరి తిరిగి వస్తుంది. సబ్‌మెర్సిబుల్‌కు పైన ఒక ఓడ తోడుండాలి. ముగ్గురిని 6000 మీటర్ల లోతుకు పంపడానికి చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందిస్తున్న మత్స్య 6000 ఈ రకమే. దీనికి తెలుగు మాట కోసం వెతికాను, ఏదీ అతకలేదు. బోరులో సబ్‌మెర్సిబుల్ మోటార్ దింపే మన రైతులందరికీ తెలిసిన మాటే కదా, అలాగే ఉంచడం మేలు.

పర్యాయపదాల కోసం కుర్సురాలోకీ వెళ్లాను. 1969లో నౌకాదళంలో చేరి 2001 వరకు పనిచేసిన ఓడ అది. 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది. లోపల చూపించేది రిటైరైన నేవీవాళ్లే. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి వంగి వెళ్తుంటే మాకు చూపించినాయన మొదటి నుంచి చివరిదాకా దాన్ని "బోట్" అనే అన్నారు. 91 మీటర్ల పొడవున్నా వాళ్లకది పడవే. ఆ మాటలో ఉన్న ఆప్యాయత వింటుంటే నాకు ముచ్చటేసింది. జర్మన్లూ అంతే, సముద్రం కింది పడవ అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. యూ-బోట్ అక్కణ్నుంచి వచ్చిందే. అయితే ప్రపంచ యుద్ధాల నాటి జర్మన్ జలాంతర్గాములకే ఆ పేరు వాడండి.

అమెరికాలో ఉన్నవాళ్లు "సబ్ తిన్నాను" అంటే కంగారు పడొద్దు. పొడవాటి బ్రెడ్డు శాండ్‌విచ్ అది, ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. ఫిలడెల్ఫియాలో దాన్నే హోగీ అంటారు. కారు ప్రమాదంలో మనిషి సీటు బెల్టు కిందినుంచి ముందుకు జారిపోవడాన్ని సబ్‌మెరైనింగ్ అంటారు. ఇక్కడ నీళ్లూ లేవు, ఓడా లేదు. "జారిపోవడం" అని రాస్తే సరిపోతుంది.

పొరుగు భాషల్లో చూస్తే కన్నడంలోనూ జలాంతర్గామే. హిందీ పన్‌డుబ్బీ, తమిళం నీర్‌మూళ్గి కప్పల్, రెండూ నీట మునిగేది అనే చెబుతాయి. మలయాళంలో అంతర్వాహిని. ఆ మాట నాకు ఎంత నచ్చిందో! కానీ తెలుగులో అది వాడుకోలేం. మనకు అంతర్వాహిని అంటే పైకి కనపడకుండా పారే నది, ప్రయాగలో సరస్వతి.